చూడదగినవి, చెప్పదగినవి: పౌసానియస్ ఏథెన్సు నగర వర్ణనము

నగరమును వర్ణించు పద్ధతులు పెక్కు కలవు. కొండపై నిలిచి ఒక్క చూపులో నగరమునంతను పట్టి చెప్పువాడు కవి. ప్రాకారముల కొలతలు, జనసంఖ్య, పన్నుల మొత్తము లెక్కగట్టి వ్రాయువాడు అధికారి. వీధివెంట నడచుచు, కుడిప్రక్కనున్న దానిని కుడిప్రక్కను, ఎడమప్రక్కనున్న దానిని ఎడమప్రక్కను చూపుచు, ఒక్కొక్కచోట నిలిచి కథ చెప్పుచు పోవువాడు మార్గదర్శి. ఈ మూడవ పద్ధతికి సాహిత్యములో గౌరవము తక్కువ. మార్గదర్శి మాటలు యాత్రికుని చెవిలో పడి యాత్రతోనే ముగిసిపోవునని సామాన్యాభిప్రాయము. అట్టి మాటలనే 10 సంపుటముల గ్రంథముగా కూర్చి, 18 శతాబ్దములకు పైగా నిలుచునట్లు చేసినవాడు పౌసానియస్. అతని 'గ్రీసు దేశ వర్ణనము'లోని మొదటి సంపుటము ఏథెన్సు నగరమున ఒక యాత్రికుని చేయిపట్టి నడిపించిన నడక. అది చరిత్రకారులకు ఆధారగ్రంథముగా ప్రసిద్ధము. రచనగా దాని విలువ యేమి అను ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. ఒక స్థలమును గూర్చి వ్రాయబూనిన ప్రతి రచయితయు ఎదుర్కొను చిక్కు ఈ గ్రంథములో స్పష్టముగా కనబడును. కంటికి కనబడు వానిలో దేనిని చెప్పవలెను, దేనిని విడువవలెను అనునదే ఆ చిక్కు.

పౌసానియస్ క్రీ. శ. 2వ శతాబ్దివాడు. ఆసియా మైనరులోని లిడియా ప్రాంతమున సిపిలస్ పర్వతము చెంతనున్న మెగ్నీషియా అతని ఊరై యుండునని పండితుల ఊహ. గ్రంథరచన సుమారు క్రీ. శ. 155 నుండి 180 వరకు సాగినది. తనను గూర్చి అతడు దాదాపు ఏమియు చెప్పుకొనలేదు. తండ్రి పేరు లేదు, వృత్తి లేదు, ఎవరి ప్రోత్సాహమున వ్రాసెనో తెలియదు. ఆనాటి గ్రీసు రోమనుల యేలుబడిలో నున్నది. స్వతంత్ర నగరములుగా వెలిగిన ఏథెన్సు, స్పార్టా, థీబ్సులు సామ్రాజ్యములోని పాతపట్టణములుగా మిగిలియుండెను. క్రీ. పూ. 86లో రోమను సేనాని సల్లా ఏథెన్సును ముట్టడించి పట్టుకొని చేసిన క్రౌర్యమును పౌసానియస్ మరువలేదు. ఆ నగర వర్ణనలోనే దానిని ఖండించినాడు. ఓడిపోయిన జాతికి మిగిలిన జ్ఞాపకములను ఊరూర తిరిగి సేకరించుట అతడు చేపట్టిన పని. ఈ సంగతి మనస్సున నుంచుకొనక చదివినచో గ్రంథము వట్టి జాబితావలె కనబడును.

అతని నడక వీధిలో ఆరంభము కాదు, సముద్రముపై ఆరంభమగును. ఓడ సూనియన్ అంతరీపమును దాటును. కొండకొమ్మున ఆలయము కనబడును. లారియన్ వెండిగనుల తీరము గడచి పైరియస్ రేవు వచ్చును. పూర్వము ఫలేరన్ ఏథెన్సునకు రేవుగా నుండెననియు, థెమిస్టొక్లీస్ అధికారమునకు వచ్చిన పిదప పైరియస్ రేవైనదనియు అతడు చెప్పును. పెద్ద రేవు సమీపమున ఆ మహానాయకుని సమాధిని చూపును. నగరమును రక్షించిన నావికాబలమునకు మూలపురుషుడైనవాని సమాధి నగరద్వారమునకు ముందే ఎదురగుట కేవల యాదృచ్ఛికము కాదు. ఇక్కడనే అతని లోపమును ఒకటి బయటపడును. సూనియన్ కొమ్మునున్న ఆలయము ఎథీనాదేవిదని అతడు వ్రాసెను. అది సముద్రదేవుడైన పొసైడనుదని తరువాతి శాసన పరిశోధనవలన తేలినది. ఎథీనా ఆలయము ఆ ప్రక్కనే తగ్గుప్రదేశమున కలదు. ఓడపైనుండి చూచినవాడు చేయదగిన పొరపాటిది. గ్రంథములు చూచి వ్రాయువాడు ఇట్టి తప్పు చేయడు.

ద్వారము దాటిన పిమ్మట అతడు చూపునది పురుషార్థములన్నియు ఒకచోట చేరిన అగోరా, అనగా నగరపు నడిబొడ్డున నున్న సభాస్థలము, అంగడివీధి. కుడివైపున మొదట రాజశాల. దాని కప్పుపై కాల్చిన మట్టిబొమ్మలు. ఆ వెనుక స్వాతంత్ర్యదాతయైన జ్యూస్ దేవుని స్తంభశాల. అందు 12 మంది దేవతల చిత్రములు, ఎదుటిగోడపై థీసియస్, ప్రజాస్వామ్యము, ప్రజ అను మూడు రూపములు. ఆ దాపున అపోలో ఆలయము, దేవమాత ఆలయము, 500 మంది సభ్యుల సభాభవనము, దాని చెంత గుండ్రని కట్టడము. శాంతిదేవి తన చేతులలో సంపద అను శిశువును ఎత్తుకొని నిలిచిన విగ్రహమును అక్కడనే చూపును. వాక్యములు పొట్టివి. విశేషణములు తక్కువ. 'దీని దాపున', 'దానికి పైన', 'ఇక్కడినుండి పోగా' అను మాటలే కథను నడుపును. ఈ చిన్న మాటలే గ్రంథమునకు వెన్నెముక. చదువరి కాళ్లు ఎప్పుడును నేలమీదనే యుండును.

ఈ వరుస నమ్మదగినదేనా అని 19వ శతాబ్దిలో పెద్ద వివాదము నడచినది. జర్మను పండితులలో కొందరు, ముఖ్యముగా విలమోవిట్స్, పౌసానియస్ కన్నులతో చూచి వ్రాసినవాడు కాడనియు, పూర్వ గ్రంథములనుండి ఎత్తి కూర్చినాడనియు తక్కువచేసి మాటాడిరి. వారికి సమాధానము పండితుల కలమునుండి గాక త్రవ్వువారి గునపమునుండి వచ్చినది. 1876లో మైసీనీ కోటలో ష్లీమన్ రాజసమాధులను వెదకినది పౌసానియస్ మాటను నమ్మియే. 1877లో ఒలింపియాలోని హీరా ఆలయమున హెర్మీస్ విగ్రహము బయటపడినది. అక్కడ ప్రాక్సిటెలీస్ చేసిన అట్టి విగ్రహము కలదని అతడు వ్రాసియున్నాడు. ఏథెన్సు అగోరాలో అమెరికను పరిశోధకులు 1931లో త్రవ్వకములు మొదలుపెట్టిరి. రాజశాల ఎచ్చటనున్నదో చాలకాలము తేలలేదు. 1970లో పైరియస్ పోవు రైలుమార్గమునకు ఆవలివైపున ఒక చిన్న స్తంభశాల పునాదులు వెలువడినవి. లోపలికి నడచివచ్చువానికి కుడివైపున మొదటిది అదియే. 1981లో చిత్రశాలయని పండితులు గుర్తించిన కట్టడపు భాగము కూడ ఉత్తరపు అంచున బయటపడినది. 18 శతాబ్దముల పిమ్మట త్రవ్వువారికి దారి చూపగల వాక్యమును వ్రాసినవాని శైలి పేలవమని అనుట న్యాయము కాదు. నిరాడంబరమైన ఆ వాక్యమునకు కావలసిన గుణము కచ్చితత్వము. అది దానికి నిండుగా కలదు.

అయినను అతడు చెప్పినచోటనే నిలువడు. వంశములకు పేరిచ్చిన వీరుల విగ్రహముల చెంత ఈజిప్టు రాజైన టాలెమీ పేరు, పెర్గమన్ రాజైన అట్టలస్ పేరు రాగానే నడక ఆగిపోవును. కొంతసేపటికి సంగీతశాల ముంగిట మరల రాజవిగ్రహములు కనబడగా లైసిమాకస్, పిర్రస్ మున్నగువారి యుద్ధకథలు పుటలకు పుటలు సాగును. చదువరి ఎండలో విగ్రహము ముందు నిలిచి, మార్గదర్శి ఎప్పుడు కదలునాయని చూచుచుండవలసినదే. ఇది నిర్మాణదోషమని పలువురు విమర్శించిరి. దోషమే. కాని దానికతడు చెప్పిన కారణము ఆలోచింపదగినది. ఆ రాజుల కాలము దూరమై, వారి కీర్తి మాసిపోయెననియు, వారి ఆస్థాన చరిత్రకారుల గ్రంథములను ఎవరును చదువుట లేదనియు, అందువలన తాను వారిని గూర్చి చెప్పవలసి వచ్చెననియు అతడనును. మారథాన్ యుద్ధమును గూర్చి అందరికిని తెలియును. దానిని అతడు విస్తరింపలేదు. తెలియనిదానికి ఎక్కువ స్థలము, తెలిసినదానికి తక్కువ స్థలము ఇచ్చుట అతని కొలత. ఈ కొలత నడక సొగసును చెరచినది, జ్ఞాపకమును కాపాడినది.

అతని నిజమైన ప్రతిభ చిన్నవస్తువుల దగ్గర కనబడును. చిత్రశాలలో మారథాన్ యుద్ధచిత్రమును చూపిన పిమ్మట అతడు గోడకు తగిలించిన డాళ్లను చూపును. అవి స్ఫాక్టీరియా దీవిలో పట్టుబడిన స్పార్టా వీరులవట. కాలమువలనను, తుప్పువలనను చెడకుండ వానికి తారు పూసి యుంచిరట. క్రీ. పూ. 425లో జరిగిన యుద్ధమది. పౌసానియస్ చూచునప్పటికే దాదాపు 600 ఏండ్లు గడచినవి. అదే యుద్ధమునకు చెందిన కంచుడాలు ఒకటి 1936లో అగోరాలోని ఒక పూడిన తొట్టిలో దొరకినది. పైలాస్ నుండి స్పార్టావారివద్ద ఏథెన్సువారు గెలుచుకొన్నదని దానిపై పొడిచిన అక్షరములు నేటికిని చదువవచ్చును. మరియొకచోట జ్యూస్ దేవుని మహాలయ ప్రాంగణమున నేలలో ఒక మూర వెడల్పుగల చీలికను చూపును. ప్రళయజలము ఆ చీలికలోనుండియే ఇంకిపోయెనని జనులు చెప్పుదురనియు, ఏటేట తేనె కలిపిన గోధుమపిండిని అందులో వేయుదురనియు వ్రాయును. ఆ ఆలయము క్రీ. పూ. 6వ శతాబ్దిలో మొదలై హేడ్రియన్ చక్రవర్తి కాలమున పూర్తియైన మహానిర్మాణము. దాని మహత్త్వముతోపాటు మూరెడు చీలికకును అతని గ్రంథములో చోటు దొరకినది.

అగోరాలో దయాదేవతకు ఒక వేదిక యున్నదనియు, మానవజీవితమునకును దాని మార్పులకును అందరు దేవతలకంటె ఎక్కువ అవసరమైన ఆ దేవతను గ్రీకులలో ఏథెన్సువారు మాత్రమే పూజించుదురనియు అతడు చెప్పుచోట గొంతు కొంచెము మారును. ఏరియోపేగస్ న్యాయస్థానమున రెండు చెక్కని రాళ్లు కలవు. నిందితుడు నిలుచు రాయికి ఒక పేరు, నింద మోపువాడు నిలుచు రాయికి ఒక పేరు. ఒకటి దురాగతము, రెండవది సిగ్గులేనితనము. అకాడమీకి పోవు దారిలో యుద్ధమున మడిసినవారి సమాధులను వరుసగా చూపుచు, యజమానులతోపాటు యుద్ధమునకు పోయి మరణించిన బానిసలకు కూడ ప్రజలు సమాధిని, పలకపై పేర్లను ఇచ్చిరని చెప్పును. వ్యాఖ్యానము లేదు. ఆ వాక్యము పక్కననే మరియొక సమాధి. చెప్పి కదలిపోవుటలోని ఈ సంయమము గొప్ప రచయితలలో కూడ అరుదు.

ఇక ఆక్రోపొలిస్. గ్రీకు కళ యనగానే లోకమునకు మొదట తోచునది పార్థినాన్. క్రీ. పూ. 447 నుండి 432 వరకు కట్టబడిన ఆ ఆలయమును గూర్చి పౌసానియస్ వ్రాసినది కొద్ది వాక్యములు. తూర్పు ముఖపు త్రికోణభాగమున ఎథీనా జననము, పడమటి ముఖమున ఆమెకును పొసైడనుకును భూమికై జరిగిన వివాదము అని ఒక్క మాటలో చెప్పి లోపలికి పోవును. లోపల ఫీడియస్ చేసిన బంగారు దంతపు విగ్రహమును ఆపాదమస్తకము వర్ణించును. శిరస్త్రాణముపై సింహిక, ఇరుప్రక్కల గ్రిఫిన్లు, రొమ్మున దంతపు మెడూసా శిరస్సు, చేత సుమారు 4 మూరల విజయదేవత, ఒకచేత ఈటె, పాదములచెంత డాలు, ఈటె దాపున సర్పము, పీఠమున పండోరా జననము. వెలుపలి గోడపై దాదాపు 160 మీటర్ల పొడవున చెక్కిన ఊరేగింపు శిల్పపంక్తిని గూర్చి మాటయే లేదు. ఆలయ స్థపతి పేరు కూడ ఇక్కడ లేదు. 8వ సంపుటమున వేరొక ఆలయప్రసక్తిలో ఇక్టినస్ పేరు చెప్పును. ఎరెక్థియన్ ఆలయమున కప్పును తలపై మోయు 6 కన్యావిగ్రహములను కూడ అతడు పేర్కొనలేదు. వానికి బదులు, దక్షిణపు గాలి వీచునప్పుడు అలలమ్రోత వినిపించు ఉప్పునీటి బావి, రాతిపై త్రిశూలపు గుర్తు, పారశీకులు కాల్చిన నాడే రెండు మూరలు చిగిర్చిన ఆలివుచెట్టు, ఒకసారి నూనె పోసిన ఏడాది పొడుగున వెలుగు బంగారు దీపము కనబడును.

ఆధునిక విమర్శకులకు ఇది అంతుపట్టని అరసికతగా తోచినది. కాని గుడికి పోవు భక్తుని నడవడి తెలిసినవారికి ఇందు వింత లేదు. దర్శనమునకు పోవువాడు గోపురపు బొమ్మలను లెక్కింపడు. గర్భాలయమున మూర్తి అలంకారమును మాత్రము ఇంటికి వచ్చి చెప్పగలడు. కోనేటినీటి మహిమను, స్థలవృక్షపు కథను చెప్పగలడు. పౌసానియస్ చూపు అట్టిది. శిల్పము అతనికి అలంకారమైనచోట మౌనము, ఆరాధ్యమైనచోట వాక్కు. అతడు చెప్పిన ఒక్క మాటకు ఎంత విలువ గలదో తూర్పు ముఖము చెప్పగలదు. తరువాతి కాలమున ఆలయమును క్రైస్తవ ప్రార్థనామందిరముగా మార్చినపుడు ఆ ముఖపు నడిమి విగ్రహములు పోయినవి. 1687లో వెనీసువారి ఫిరంగిగుండు తగిలి లోపలి తుపాకిమందు పేలి ఆలయము బ్రద్దలైనది. మిగిలిన శిల్పములలో చాలభాగమును ఎల్గిన్ ప్రభువు లండనుకు తరలించెను. అవి 1816లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. నడుమ శూన్యముగానున్న ఆ తూర్పు ముఖమున చెక్కినది ఎథీనా జననమని లోకమునకు తెలిసినది పౌసానియస్ చెప్పిన అర్ధవాక్యము వలననే. చెప్పని శిల్పపంక్తి విషయమున ఆ ఊరేగింపు ఏదియని పండితులు నేటికిని వాదించుకొనుచునే యున్నారు.

అతని మౌనములన్నియు ఒక జాతివి కావు. కొన్ని భక్తివలన కలిగినవి. ఎల్యూసిస్ దేవాలయపు గోడల లోపలి సంగతులు వ్రాయబోగా స్వప్నము వారించినదని చెప్పి ఆగిపోయెను; ఏథెన్సులోని ఆ దేవతల గుడి చెంత కూడ అట్లే ఆగెను. దీక్ష లేనివారికి చెప్పరానిది చెప్పరానిదే. మరికొన్ని మౌనములు అభిమానమువలన కలిగినవని తోచును. అగోరా తూర్పుప్రక్కను నిండియున్న అట్టలస్ స్తంభశాలను అతడు చూడకపోవుట అసంభవము, పేరెత్తలేదు. పార్థినాన్ ముందున్న రోమా, అగస్టస్ల ఆలయమును దాటకుండ లోపలికి పోవుట కష్టము. దానిని గూర్చియు మాట లేదు. హేడ్రియన్ చక్రవర్తి చేసిన మేలును మాత్రము మనసార పొగడినాడు. కావున ఇది కేవలము రోమనులపై ద్వేషము కాదు. పాలకులు తమ పేరు నిలుపుకొనుటకు కట్టినవానికంటె ప్రజలు తమ జ్ఞాపకము నిలుపుకొనుటకు కాపాడినవి అతనికి ముఖ్యములు. గ్రంథములో ఏథెన్సు స్వతంత్ర నగరము. వెలుపల అది సామ్రాజ్యములోని ఒక పట్టణము. పాలితజాతి రచయితకు కలమొక్కటే స్వాధీనమైనపుడు ఏరుకొనుటయే అతని స్వాతంత్ర్యము.

ఏరుకొనుటలో అతడు నమ్మికను, వివేకమును రెండింటిని వాడినాడు. థీసియస్ రాజ్యమును ప్రజలకు అప్పగించెనను ప్రసిద్ధిని ప్రస్తావించి, చిన్ననాటినుండి పాటలలోను, నాటకములలోను విన్నదానినెల్ల సత్యమని నమ్మువారి మూలమున ఇట్టివి వ్యాపించునని ఖండించినాడు. ఆర్గాస్ నగరపు మార్గదర్శులు తాము చెప్పునదెల్ల నిజము కాదని ఎరిగియు చెప్పుచుందురనియు, బహుజనుల నమ్మికను మార్చుట సులభము కాదనియు నవ్వుకొన్నాడు. కాని 8వ సంపుటమున ఆర్కేడియా వర్ణనకు వచ్చుసరికి అతని మాట మారినది. గ్రీకుల పురాణగాథలు అవివేకములని మొదట తలచితిననియు, పూర్వపు జ్ఞానులు తమ భావములను పొడుపుకథలుగా చెప్పిరని ఇప్పుడు తోచుచున్నదనియు ఒప్పుకొన్నాడు. అనేక సంవత్సరముల నడక ఆ మనిషిని మార్చినది. ఆ మార్పును దాచక గ్రంథముననే ఉంచుట, వెనుకకు పోయి మొదటి సంపుటములను దిద్దకుండుట, ఈ రచనకు జీవము పోసినవి. ఇట్టిదే మరియొక ఉదాహరణము. హెరోడిస్ అట్టికస్ కట్టించిన సంగీతశాల మొదటి సంపుటములో లేదు. ఆ సంపుటము ముగియు నాటికి నిర్మాణము మొదలు కాలేదని 7వ సంపుటమున చెప్పెను.

అతని పెద్దలోపము వేరొకటి. అగోరాను అతడు కెరమైకస్ అను పేరుతో వ్యవహరించును. కెరామస్ అను వీరుని పేరువలన ఆ పేటకు ఆ పేరు వచ్చెనని చెప్పును. ఆ మాటకు మూలార్థము కుమ్మరివాడ అని గ్రీకు తెలిసినవారందరికిని తెలియును. వీరుడు గ్రంథములోనికి వచ్చినాడు, కుమ్మరి రాలేదు. అంగడిలో కూరగాయలు లేవు, బేరము లేదు, రేవులో కూలివాని కేక లేదు. నీరు మోసిన స్త్రీలేరి? విగ్రహములు కిక్కిరిసిన ఆ వీధులలో ఊపిరి తీయు మనుష్యుడు ఒక్కడును యాత్రికునికి ఎదురుపడడు. ఎదురుపడినచో వాడు స్థలకథ చెప్పువాడే. నాటి ఏథెన్సు ప్రజ ఏమి తినెనో, దేనికి భయపడెనో ఈ గ్రంథమువలన తెలియదు. గతమును కాపాడుటకై వర్తమానమును తెరచాటున ఉంచినందుకు అతడు చెల్లించిన మూల్యమిది. చదువరియు ఈ మూల్యమును చెల్లింపవలసి యున్నది.

తెలుగు రచయితకు ఈ లోపమును గుర్తించుట సులభము. క్షేత్రమాహాత్మ్యముల సంప్రదాయము తెలుగులో నిండుగా కలదు; శ్రీనాథుని కాశీఖండము, భీమేశ్వర పురాణము స్థలమునకు కథను ముడివేసిన మహారచనలు. వానిలో మహిమ కలదు. అడుగులవరుస ముఖ్యము కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చెన్నపట్టణమునుండి కాశికి పోయి వచ్చి వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చైనది. అందు మజిలీలు కలవు. నీటివసతి, సామగ్రి దొరకుచోటులు, దారిలో కనబడిన జనుల ఆచారములు కలవు. పౌసానియస్ విడిచిన వర్తమానమును వీరాస్వామయ్య విడువలేదు. స్థలకథను గౌరవించుచునే దానిని ప్రశ్నించుట, నడకవరుసను తప్పకుండుట పౌసానియస్ నుండి నేర్వదగినవి. ఎదుటి మనుష్యుని చూచుట వీరాస్వామయ్యనుండి నేర్వదగినది. ఈ రెండును కలిసిన నగరగ్రంథములు తెలుగులో ఇంకను రావలసి యున్నవి.

తాను కాపాడదలచిన వస్తువులవలెనే పౌసానియస్ గ్రంథము కూడ అపాయము నెదుర్కొన్నది. తన కాలమువారు దానిని చదివిన జాడ లేదు. స్పష్టముగా దానిని పేర్కొన్నవాడు 6వ శతాబ్దివాడైన బైజాంటియమ్ స్టెఫానస్. నేడు దొరకు వ్రాతప్రతులన్నియు 15వ శతాబ్దిలో ఫ్లారెన్సు నగరమున నున్న ఒక్క ప్రతినుండి పుట్టినవని పండితులు నిర్ణయించిరి. ఆ ప్రతియు తరువాత కనబడకుండ పోయినది. 1516లో వెనీసులోని ఆల్డస్ ముద్రణాలయము మొదటి అచ్చుప్రతిని తెచ్చినది. 1898లో ఫ్రేజర్ 6 సంపుటముల అనువాదవ్యాఖ్యానమును ప్రకటించెను. ఈ మధ్యకాలమున నగరము మరియొక దారి పట్టినది. పౌసానియస్ నడచిన ఒక శతాబ్దికి, క్రీ. శ. 267లో, హెరులీ అను జాతివారు ఏథెన్సుపై బడి అగోరాను కాల్చివేసిరి. చిత్రశాల బొమ్మలు లేవు. శాంతిదేవి మూలవిగ్రహము లేదు. ఫీడియస్ చేసిన బంగారు ఎథీనా లేదు. సూనియన్ దాటి వచ్చు నావికులకు ఈటెమొన, శిరస్త్రాణపు కొన కనబడునని అతడు చెప్పిన కంచు ఎథీనాయు లేదు.

పౌసానియస్ తన గ్రంథమునకు రెండు పునాదులు చెప్పుకొన్నాడు: చూడదగిన వస్తువులు, చెప్పదగిన కథలు. వస్తువు ఎదుట నున్నంతకాలము కథ దానికి తోడు. వస్తువు పోయిన పిమ్మట కథయే దాని ఉనికి. రాతిని చూచినవారు ఆనాడు వేలమంది యుండిరి. అందులో ఒక్కడు దానికి కుడియెడమలు చెప్పి, ఏ చేతిలో ఈటె, ఏ పాదముచెంత డాలు అని వ్రాసిపెట్టెను. అందమును గూర్చి అతడు చెప్పిన మాటలు బహుకొద్ది. ఆ ఈటెయు, ఆ డాలును నేడు వెదకవలసిన చోటు అతని వాక్యమే.